ఊపిరి పీల్చే దీపం

డాడ్జ్ ఛాలెంజర్‌కి ముందువైపు నాలుగు గుండ్రటి దీపాలుంటాయి, పక్కకి రెండేసి. హెల్‌క్యాట్ అనే రకంలో డ్రైవరు వైపు లోపలి దీపం దగ్గర వంగి చూస్తే మధ్యలో బల్బు కనపడదు. చుట్టూ సన్నటి వెలుగు వలయం, నడుమ ఖాళీ. వేళ్లు పెడితే లోపలికి పోతాయి. ఆ ఖాళీ గొట్టంలోకి, గొట్టం 8 లీటర్ల గాలిపెట్టెలోకి, అక్కణ్ణించి ఇంజన్ నెత్తిన కూర్చున్న సూపర్‌ఛార్జర్‌లోకి దారి తీస్తుంది. ఇంజన్‌కి చల్లటి గాలి కావాలి. బానెట్ కింద గాలి ఎప్పుడూ వేడే. పోనీ ముఖం మీద కొత్త బెజ్జం కొడదామంటే 1970 నాటి రూపం చెడిపోతుంది. ఈ చిక్కంతటినీ ఒక్క దీపం ఖాళీ చేసి విప్పిన వాళ్లెవరో గాని, మొదటి చూపులోనే వాళ్లకి మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

నేను చూసింది మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా బావమరిది ఇంటి పక్కాయన కారు. 2015 నాటిది. ఆయన కార్ల పరిశ్రమలోనే పనిచేసి రిటైరైన పెద్దమనిషి. బానెట్ ఎత్తి పట్టుకుని, "ఇది అమెరికా బండి కాదనే వాళ్లు ఈ వీధిలోనే ఇద్దరున్నారు" అన్నాడు. ఆ మాట అక్కడ కొత్తేమీ కాదు. డాడ్జ్ బండ్లు చేసే క్రైస్లర్ కంపెనీ జర్మనీ వాళ్ల చేతికి, తర్వాత ఇటలీ వాళ్ల చేతికి, ఇప్పుడు నెదర్లాండ్స్‌లో నమోదైన స్టెలాంటిస్ చేతికి వెళ్లడంతో మజిల్ కారు గుణమే పోయిందని డెట్రాయిట్ చుట్టుపక్కల చాలామంది బాధ. ఆ బాధ నిజమైనదే. కాని ఈ బండిని ముక్క ముక్కగా చూస్తూ పోతే కారణం వాళ్లు చూపించిన చోట లేదనిపించింది నాకు.

మజిల్ కారు అంటే ఏమిటో ముందు రెండు మాటలు. మామూలు ఇంటి కారు సైజు బండిలో పెద్ద వీ8 ఇంజన్ పెట్టి, జీతగాడు కొనుక్కోగల ధరకి అమ్మడం. 1964లో పాంటియాక్ జీటీవోతో ఈ ఊపు మొదలైందని ఎక్కువమంది ఒప్పుకుంటారు. అదే ఏడు క్రైస్లర్ వాళ్లు 426 హెమీ ఇంజన్‌ని డేటోనా 500 పందెంలో దించితే మొదటి మూడు స్థానాలూ దానివే అయ్యాయి, రిచర్డ్ పెట్టీ గెలిచాడు. ఇంధనం మండే గది పైకప్పు అర్ధగోళంలా ఉంటుంది గనక దానికి హెమీ అని పేరు. ఆ ఇంజన్‌ని రోడ్డు మీది కారులో పెట్టి 425 హార్స్‌పవర్ అని చెప్పుకున్నారు. 1970 ఛాలెంజర్ ఆ కోవలోది. ముందు టార్షన్ బార్లు, వెనక లారీకి ఉన్నట్టు కమాన్ పట్టీలు. తిన్నగా పోతే పులి, మలుపు తిరగమంటే దున్నపోతు. 1974తో ఆ తరం అయిపోయింది.

అసలు కథ దీని తర్వాతే. 1978లో డాడ్జ్ షోరూముల్లోకి ఛాలెంజర్ అనే పేరు మళ్లీ వచ్చింది. కింద ఉన్నది జపాన్‌లో మిత్సుబిషి తయారుచేసిన చిన్న కారు, నాలుగు సిలిండర్ల ఇంజన్. 1983 దాకా అమ్మారు. చెడ్డ కారేమీ కాదు. ఆ పేరుతో, ఆ పేరు వెనకున్న మనుషులతో మాత్రం దానికి ఏ చుట్టరికమూ లేదు. ఆ రోజుల్లో క్రైస్లర్ యజమానులు అమెరికన్లే. స్వదేశీ యజమాని చేతిలోనే ఆ పేరు అంత ఖాళీ అయిందన్నది నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. విదేశీ యజమాన్యం మీద కోపగించుకునే వాళ్లు ఈ ఐదారేళ్లని లెక్కలోంచి జారవిడుస్తారు.

1998లో డైమ్లర్-బెంజ్ వచ్చింది. ఇద్దరూ సమానులమే అని ప్రకటించారు గాని, పెద్దరికం స్టుట్‌గార్ట్‌దేనని తేలడానికి ఎక్కువకాలం పట్టలేదు. ఆ కాపురంలో క్రైస్లర్‌కి మిగిలిన మంచి ఆస్తి ఒకటుంది, ఎముకల గూడు. క్రైస్లర్ 300, డాడ్జ్ ఛార్జర్ సెడాన్లకి కట్టిన చట్రంలో మెర్సిడెస్ పాఠం చాలా ఉంది. ముందు సస్పెన్షన్ అప్పటి ఎస్-క్లాస్ నుంచి, వెనకది ఇ-క్లాస్ నుంచి వచ్చిన పద్ధతి. ఆ చట్రాన్నే చక్రాల మధ్య 4 అంగుళాలు కుదించి, దాని మీద కొత్త ఛాలెంజర్‌ని నిలబెట్టారు. 2006 జనవరిలో డెట్రాయిట్ ప్రదర్శనలో నమూనా చూపించారు, 2008లో అమ్మకానికి పెట్టారు. మొదటి ఏడాది బండికి 6.1 లీటర్ల హెమీ, 425 హార్స్‌పవర్. పాత అంకె, కొత్త గుండె.

ఒంటి పని ఎంత జాగ్రత్తగా చేశారో పక్కనుంచి చూడాలి. తలుపు మీదుగా వచ్చే గీత వెనక చక్రం దగ్గరికి రాగానే కాస్త ఎగిరి, పిరుదు మీదుగా వెళ్లిపోతుంది. 1970 కారులో ఉన్నది ఇదే గీత. కాని పాత కారులో చక్రాల మధ్య దూరం 110 అంగుళాలు, కొత్తదానిలో 116. కొత్తది ఎత్తు కూడా ఎక్కువే. అదే గీతని అలాగే పెద్దది చేసి అతికిస్తే బొమ్మ సాగదీసినట్టుండేది. గీత ఎగిరే చోటు, అద్దాల ఎత్తు, పైకప్పు వాలు ఒకదాన్నిబట్టి ఒకటి సర్దుకుంటూ వచ్చారు. పాత కారు హార్డ్‌టాప్‌లో ముందు అద్దానికీ వెనక అద్దానికీ నడుమ స్తంభం లేదు. 2006 నమూనాలోనూ లేదు. అమ్మకానికి వచ్చేసరికి స్తంభం తప్పలేదు. దాన్ని నల్లగా చేసి అద్దాల వరసలో కలిపేశారు. పది అడుగుల దూరం నుంచి అక్కడ స్తంభం ఉందని కన్ను ఒప్పుకోదు. మైఖేల్ కాస్టిగ్లియోనే అనే రూపకర్త గీసిన ఒంటి గీతలివి.

లోపల కూర్చుంటే మాత్రం ఆ శ్రద్ధ అంతా ఏమైపోయిందా అనిపించేది. తొలి బండ్లలో డాష్‌బోర్డు ప్లాస్టిక్ గోరుతో తడితే డొల్ల చప్పుడు. డైమ్లర్ కాలంలో క్రైస్లర్ బండ్ల లోపలి పని అంతా ఇలాగే పీనాసిగా నడిచింది. ఎముకలు దానం చేసిన చెయ్యే చర్మం దగ్గర పైసలు లెక్కపెట్టింది. 2007లో డైమ్లర్ తన వాటాలో 80.1 శాతాన్ని సెర్బెరస్ అనే అమెరికన్ పెట్టుబడి సంస్థకి అమ్ముకుని పక్కకి తప్పుకుంది. 2009 ఏప్రిల్ 30న క్రైస్లర్ దివాలా పిటిషన్ వేసింది. జూన్‌లో ఇటలీ నుంచి ఫియట్ వచ్చింది.

ఇక బానెట్ కిందికి వద్దాం. నేను వ్రాయాలనుకున్నది నిజానికి దీని గురించే.

2014 మేలో ప్రకటించిన హెల్‌క్యాట్ ఇంజన్ 6.2 లీటర్ల హెమీ. ఇనుప పోత బ్లాకు, దానికి నారింజ రంగు. ఆ రంగు పేరే హెమీ ఆరెంజ్, 1960లలో ఈ ఇంజన్లకి వేసిన రంగు. బ్లాకు పక్క మరకల మధ్య ఆ నారింజ తొంగిచూస్తుంటే ఇంటిపేరు చదివినట్టుంటుంది. నిర్మాణం పాతకాలపుదే. క్యామ్‌షాఫ్ట్ ఒక్కటే, అదీ బ్లాకు నడుమ. అక్కణ్ణించి పొడుగాటి పుష్‌రాడ్‌లు పైకి వెళ్లి వాల్వులు తెరుస్తాయి. సిలిండర్‌కి రెండే వాల్వులు. ఇంత మోటు పద్ధతిలో 707 హార్స్‌పవర్ రాబట్టారు. అప్పటికి ఫియట్ కుటుంబంలోనే ఉన్న ఫెరారీ వాళ్ల 458 ఇటాలియాకి 562.

ఆ బలాన్ని తట్టుకోవడం ఎలా అన్నదే ఇక్కడి పనితనం. పిస్టన్ మీద మంట కొట్టే దెబ్బ 110 బార్ల దాకా ఉంటుంది. ప్రతి రెండు చుట్లకీ ఒకసారి ఒక్కో పిస్టన్ మీద ఐదు కార్లు ఎక్కి నిలబడినంత బరువని ఆ ఇంజనీర్లు చెప్పే పోలిక. అందుకే క్రాంక్‌షాఫ్ట్ పోత పోసింది కాదు, సాగగొట్టిన ఉక్కు. బేరింగుల మీద తిరిగే భాగాలకి మళ్లీ విడిగా వేడిపెట్టి గట్టిదనం ఎక్కించారు. పిస్టన్లూ అలా సాగగొట్టిన అల్యూమినియం మిశ్రమమే. పిస్టన్‌నీ కనెక్టింగ్ రాడ్‌నీ కలిపే చిన్న పిన్ను ఉంటుంది, చిటికెన వేలికన్నా కాస్త లావు. దాని మీద వజ్రం లాంటి కార్బన్ పూత పూశారు. ఎప్పటికీ ఎవరి కంటా పడని చోటది. ఇంజన్ పూర్తిగా విప్పితే తప్ప ఆ పిన్ను బయటికి రాదు. అలాంటి చోట ఆ పూత వేసిన వాళ్ల మీద నాకు కలిగే గౌరవం మాటల్లో చెప్పలేను. గుడి గోపురం వెనకవైపు, పావురాలకి తప్ప కనపడని చోట కూడా ముఖం పూర్తిగా చెక్కిన శిల్పులు గుర్తొచ్చారు.

ఇలా పూర్తయిన ప్రతి ఇంజన్‌నీ బండిలో పెట్టకముందే పరీక్ష బల్ల మీద 42 నిమిషాలు బరువు మోపి నడిపిస్తారు.

సూపర్‌ఛార్జర్ ఈ బండికి గొంతు. జపాన్ కంపెనీ ఐహెచ్ఐ చేసింది, 2.4 లీటర్లది. లోపల రెండు మరలు, స్క్రూ ఆకారంలో, ఒకదాని గాడిలో ఒకటి ఇమిడి తిరుగుతూ గాలిని నొక్కుతాయి. వేగం నిమిషానికి 14,600 చుట్ల దాకా. పూర్తి యాక్సిలరేటర్ మీద ఇంజన్ నిమిషానికి 30,000 లీటర్ల గాలి మింగుతుంది. దీపంలో బెజ్జం ఎందుకు కావలసి వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది. ఆ మరల్ని తిప్పడానికే సుమారు 80 హార్స్‌పవర్ ఖర్చు. మన ఊళ్లలో తిరిగే చిన్న కారు మొత్తం బలం అంత! గాలిని నొక్కితే వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి పలచబడుతుంది. అందుకని సూపర్‌ఛార్జర్ గూటిలోనే రెండు పక్కలా నీళ్లతో చల్లబరిచే పెట్టెలు కూర్చోబెట్టారు.

దీనివల్ల చప్పుడు రెండు పొరలుగా వస్తుంది. కింద వీ8 గుడగుడ, ఎద్దులబండి చెక్క వంతెన దాటుతున్నట్టు. చుట్లు పెరిగేకొద్దీ దాని మీద సన్నటి ఈల ఒకటి లేస్తుంది, అది మరలది. నాదస్వరం కింద శ్రుతిపెట్టె వినిపిస్తుందే, దాన్ని తిరగేసినట్టుంటుంది. శ్రుతి పైన, పాట కింద. మా బావమరిది కొడుక్కి తొమ్మిదేళ్లు. రెండిటినీ నోటితో ఒకేసారి చేసి చూపిస్తాడు. కిందదాన్ని "బొజ్జ పాట" అనీ పైదాన్ని "పై పాట" అనీ పేర్లు కూడా పెట్టుకున్నాడు.

ఇక పక్కాయన నాకు ఊళ్లు లెక్కపెట్టి చెప్పాడు. ఇంజన్ కూర్పు మెక్సికోలోని సాల్టియోలో. బండి కూర్పు కెనడాలోని బ్రాంప్టన్‌లో. సూపర్‌ఛార్జర్ జపాన్ వాళ్లది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ జర్మనీలోని జెడ్ఎఫ్ వాళ్ల ఎనిమిది గేర్ల పెట్టె, కాని దానికి క్రైస్లర్ 1950ల నాటి పేరు టార్క్‌ఫ్లైట్ అని పెట్టుకున్నారు. చేత్తో మార్చే గేర్లు కావాలంటే ట్రెమెక్ వాళ్లవి, ఆ కంపెనీ మెక్సికోది. బ్రేకులు ఇటలీ బ్రెంబో, ముందు డిస్కు 15.4 అంగుళాలు. చట్రం జర్మనీ జ్ఞాపకం. డబ్బు పెట్టింది ఇటలీ. ఇవన్నీ చెప్పి, "అయినా స్టార్ట్ చేస్తే ఏ భాషలో మాట్లాడుతుందో నువ్వే విను" అని స్టార్ట్ బటన్ నొక్కాడు.

విన్నాను. సందేహం లేదు, అది డెట్రాయిట్ భాషే. ఏ విడిభాగం ఏ దేశానిదైనా, ఏది కావాలో, ఎంత కావాలో నిర్ణయించింది డెట్రాయిట్ శివారు ఆబర్న్ హిల్స్‌లో కూర్చున్న చిన్న బృందం. ఎస్‌ఆర్‌టీ అంటారు దాన్ని. అప్పట్లో రాల్ఫ్ జిల్స్ దాని పెద్ద. హైతీ నుంచి వచ్చిన తల్లిదండ్రుల బిడ్డ, న్యూయార్క్‌లో పుట్టి మాంట్రియాల్‌లో పెరిగాడు. ఆ బృందాన్ని తన పని తను చేసుకోనిచ్చిన కంపెనీ పెద్ద సెర్జియో మార్కియోనే, ఇటలీలోని కియెటీలో పుట్టి, పద్నాలుగేళ్ల వయసులో కెనడా వచ్చిన మనిషి. కొత్త చట్రానికి పెట్టుబడి పెట్టకుండా పాతదాని మీదే బండిని సాగనిచ్చారన్న విమర్శ ఉంది, అందులో నిజమూ ఉంది. కాని పాత చట్రం ఖర్చు ఎప్పుడో రాబట్టుకుంది కాబట్టే 707 హార్స్‌పవర్ బండిని 60,000 డాలర్లకి కాస్త అటూ ఇటూగా అమ్మగలిగారు. జీతగాడికి అందే ధర అన్న తొలి ధర్మం, మరీ పూర్తిగా కాకపోయినా, అలా నిలిచింది. ఇటలీ యజమాని ఈ కారుకి చేసిన మేలు డబ్బుకన్నా ఎక్కువగా ఆ నమ్మకమేనని నా అభిప్రాయం.

బండితో రెండు తాళాలిచ్చేవారు. నల్లదానితో స్టార్ట్ చేస్తే 500 హార్స్‌పవర్ దగ్గర కట్టేస్తుంది, ఎర్రదానితో మొత్తం 707. బలం ఎంత ఇచ్చినా దాన్ని ఎవరి చేతికి ఎంత ఇవ్వాలో ఇంటి యజమానికి వదిలిపెట్టారు. ఆ మర్యాద నాకు నచ్చింది.

2018లో వచ్చిన డీమన్‌లో ఇదే బృందం ఇంకో మెట్టు ఎక్కింది. 3,300 బండ్లే చేశారు. పందెం పెట్రోలు పోస్తే 840 హార్స్‌పవర్. అందులో ఒక ఏర్పాటు గురించి చెప్పి తీరాలి. సూపర్‌ఛార్జర్‌ని చల్లబరిచే నీళ్లు ఎండాకాలం పందెంలో చల్లగా ఉండవు. దానికోసం కొత్త యంత్రం పెడితే బరువు. వాళ్లు చుట్టూ చూశారు. కారులో చల్లబరిచే యంత్రం ముందే ఉంది, మనిషి కోసం పెట్టిన ఏసీ! పందెం మోడ్‌లో ఉన్నప్పుడు ఏసీలోని చల్లదనాన్ని మనిషికి ఆపి ఇంజన్‌కి మళ్లించారు. నడిపేవాడు చెమట్లు కక్కుతాడు, ఇంజన్ హాయిగా ఉంటుంది. ఇంట్లో ఉన్న సరుకుతోనే విందు వండిన ఇల్లాలి నేర్పు ఇది. తయారీ కారులో ఇలాంటిది అంతకుముందు ఎవరూ చేయలేదు.

మార్కియోనే 2018 జులైలో చనిపోయాడు. 2021 జనవరిలో ఫియట్ క్రైస్లర్, ఫ్రాన్స్‌కి చెందిన పీఎస్ఏ కలిసి స్టెలాంటిస్ అయ్యాయి. పోర్చుగల్‌కి చెందిన కార్లోస్ తవారెస్ పెద్ద అయ్యాడు. పొగ నిబంధనలు బిగుసుకుంటున్న కాలం, ఆ ఒత్తిడి ఏ యజమానికైనా తప్పేది కాదు. 2023 డిసెంబరులో బ్రాంప్టన్‌లో ఆఖరి ఛాలెంజర్ దిగింది. అది డీమన్ 170, ఇథనాల్ కలిసిన ఇంధనంతో 1,025 హార్స్‌పవర్. దాని స్థానంలో ఒంటారియోలోనే విండ్సర్ ఫ్యాక్టరీలో కొత్త ఛార్జర్ వస్తోంది. విద్యుత్ బండికి డేటోనా అని పేరు. 670 హార్స్‌పవర్ దాకా బలం, 2,600 కిలోలకు పైనే బరువు. వెనక భాగంలో స్పీకర్లు, గాలి గదులు పెట్టి, ఇంజన్ లేని బండికి ఇంజన్ గర్జన పుట్టించే ఏర్పాటు చేశారు. ఫ్రాట్జానిక్ అని పేరు.

ఈ ఏర్పాటు చేసిన వాళ్ల శ్రమని తక్కువ చెయ్యను. గాలిని నిజంగా కదిలించి చప్పుడు పుట్టించాలని చూశారు, బొత్తిగా రికార్డు వేసి వినిపించలేదు. కాని పాత బండిలో ఈల ఎందుకొచ్చింది? మరలు గాలిని నొక్కితే వచ్చింది. దీపంలో బెజ్జం ఎందుకుంది? ఆ మరలకి గాలి కావాలి కనక. ప్రతి విచిత్రానికీ వెనక ఒక అవసరం ఉంది. కొత్తదానిలో చప్పుడు వెనక అవసరం లేదు, జ్ఞాపకం ఉంది. సిక్స్‌ప్యాక్ అనే పేరు చూడండి. ఒకప్పుడు 440 ఇంజన్ మీద మూడు జంట కార్బొరేటర్లు పెడితే మొత్తం ఆరు గొట్టాలని ఆ పేరొచ్చింది. ఇప్పుడు అదే పేరు పెట్రోలుతో నడిచే ఛార్జర్‌లోని ఆరు సిలిండర్ల ట్విన్ టర్బో ఇంజన్‌కి వచ్చి చేరింది. ఆ ఇంజన్ గట్టిదే, 550 హార్స్‌పవర్ దాకా ఇస్తుంది. పేరు మాత్రం 1978 ఛాలెంజర్‌లా అతికించిన పేరు.

స్టెలాంటిస్‌కి ముందున్న కంపెనీ 2020 డిసెంబరులో 15 కోట్ల డాలర్లతో హైదరాబాద్‌లో డిజిటల్ కేంద్రం పెడుతున్నట్టు ప్రకటించింది. కారు గుణం ఇనుములోంచి సాఫ్ట్‌వేర్‌లోకి జరుగుతున్న రోజులివి. రేపటి బండ్ల గొంతులో మన పిల్లల చెయ్యీ ఉండొచ్చు. వాళ్లు ఆ పిస్టన్ పిన్ను మీది పూత గురించి ఒకసారి చదువుకుంటే బాగుంటుందని నా ఆశ.

2024 డిసెంబరులో తవారెస్ వెళ్లిపోయాడు. 2025 జూన్‌లో ర్యామ్ 1500 ట్రక్కుకి హెమీ వీ8 తిరిగి ఇస్తామని ప్రకటించారు. కంపెనీ అదే, నమోదైన దేశం అదే. నిర్ణయించే మనుషులు మారారు.

నేను తిరిగొచ్చే ముందురోజు సాయంత్రం పక్కాయన మమ్మల్ని ఉడ్‌వర్డ్ అవెన్యూ దాకా తీసుకెళ్లాడు. పిల్లవాడు మా బావమరిదితో వెనక సీట్లో. వీధి చివరి దాకా ఆయన నెమ్మదిగానే నడిపాడు. గుడగుడ తప్ప ఇంకేం లేదు. నేను బాగుందని ఏదో అంటుంటే పిల్లవాడు వెనకనుంచి నా భుజం తట్టాడు.

"ఆగు మావయ్యా, పై పాట ఇంకా మొదలవలేదు."